ఒక్క పూటలో నింపిన డైరీ

వికారాబాద్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట ఉన్న వరుస గదుల్లో ఒకటి నాది. ఇరవై రెండేళ్లుగా అక్కడే డాక్యుమెంట్ రైటర్‌గా పని చేస్తున్నాను. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు నమ్మను. పాత దస్తావేజు అంటూ తెస్తారు, చూస్తే మడత దగ్గర కాగితం అరిగి ఉండదు. పదేళ్ల కౌలు కాగితాలంటారు, పదింటిలోనూ సిరా రంగు ఒకటే ఉంటుంది. ఈ అలవాటు మెల్లగా ఇంట్లోకి కూడా వచ్చేసింది. మా ఆయన బతికున్న రోజుల్లో "కూరల ఉప్పేసిన్నంటే గూడ సాక్షి సంతకం అడుగుతవు నువ్వు" అని నవ్వేవాడు.

మా అన్న ఇందుకు పూర్తిగా వేరు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. తాండూరులో బండల పాలిష్ యూనిట్ నడిపేవాడు. గనుల నుంచి లారీలో నీలం బండలు దిగుతుంటే పదడుగుల దూరం నుంచే "గా మూడోది పక్కకు పెట్టుండ్రి, పగులున్నది" అనేవాడు. దగ్గరికి వెళ్లి నీళ్లు చల్లి చూస్తే తప్ప మాకెవరికీ కనిపించని వెంట్రుక మందం పగులు అది. రాయి విషయంలో ఎంత గట్టివాడో మనుషుల విషయంలో అంత మెత్తన. ఎవరేం చెప్పినా "ఔనా" అని తలూపేవాడు.

మలంలో రక్తం పడుతుంటే మూలశంక అని ఎవరో చెప్పారు. దానికీ తలూపి ఏడాది ఊరుకున్నాడు. తీరా హైదరాబాద్‌లో చూపిస్తే పెద్దపేగులో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది. ఒక రకం కీమో, అది పని చేయకపోతే ఇంకో రకం. ఏడాదిన్నర తిరిగాక కాలేయంలో మచ్చలు తగ్గకపోగా పెరిగాయి. అప్పుడు ఇంకో ఆసుపత్రికి పంపారు. అక్కడి పెద్ద డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నామని చెప్పాడు.

"మనుషులకు ఇప్పుడిప్పుడే ఇస్తున్నాం. ఎంత మోతాదు వరకు తట్టుకుంటారో తెలుసుకోవడమే ఈ దశలో మా పని. జబ్బు తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను."

అన్న తలూపాడు. తగ్గుతుందని చెప్పినట్టే తలూపాడు. నేను ఎన్ని రోజుల్లో మొదలుపెడతారని అడిగాను.

"అన్నీ కుదిరితే మూడు వారాలు."

నా సంచిలో ఎప్పుడూ ఒక నోటు పుస్తకం ఉంటుంది. అందులో "అన్నీ కుదిరితే" అని రాసుకుని కింద గీత గీశాను. ఆ మూడు వారాలు నాలుగు నెలలయ్యాయి.

అంగీకార పత్రం ఇరవై పేజీల పైనే ఉంది. ఇంటికి తీసుకుపోయి చదువుకోమన్నారు. అన్న చదవలేదు, నేను రెండుసార్లు చదివాను. తెలుగే, కానీ మా చుట్టుపక్కల ఎవరూ మాట్లాడని తెలుగు. అందులో ఒక షరతు దగ్గర ఆగిపోయాను. పాల్గొనేవారు ఏ కారణమూ చెప్పకుండా ఎప్పుడైనా తప్పుకోవచ్చునట, దానివల్ల వారి మామూలు వైద్యానికి ఏ లోటూ రాదట. ఇన్నేళ్లలో ఒక పక్షానికి అంత వెసులుబాటు ఇచ్చిన కాగితం నేను రాయలేదు, చూడలేదు. మందు ఉచితం, పరీక్షలు ఉచితం, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు. మరి వాళ్లకేం కావాలి? అన్నతో అదే అన్నాను.

"నీకు మంచి మాట చెప్పినా అనుమానమే, చెడ్డ మాట చెప్పినా అనుమానమే. ఎట్లనే నీతోని?" అన్నాడు.

సంతకం రోజున ఎదురుగా కెమెరా పెట్టారు. ఆసుపత్రితో సంబంధం లేని మనిషినొకరిని సాక్షిగా కూర్చోబెట్టారు. ఈ పరీక్షల పని చూసుకునే అమ్మాయి ఒకతె ఉండేది, కోఆర్డినేటర్ అనేవారు. ఆమె అన్నను, అర్థమైంది ఏమిటో సొంత మాటల్లో చెప్పమంది.

"కొత్త మందు. పని చేస్తదో లేదో తెల్వదు. నా ఇష్టం తోటే మింగుతున్న."

"ఎవరైనా ఒత్తిడి చేశారా అండీ?"

"నన్నెవరు ఒత్తిడి చేస్తరు బిడ్డా. మా చెల్లె వద్దనే అంటున్నది."

ఇంత పకడ్బందీగా వీడియో తీసుకుంటున్నారంటే రేపు ఏదో జరిగితే తప్పించుకోవడానికే అని నేను గట్టిగా అనుకున్నాను.

ఆ తర్వాత మొదలైంది ఆలస్యం. మొదట్లో చేసిన ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్క కావాలన్నారు. అది పాత ఆసుపత్రిలో భద్రపరిచి ఉంది. వాళ్లు ఉత్తరం తెమ్మన్నారు. తెస్తే ఇంటిపేరు అక్షరం తప్పుందని తిప్పి పంపారు. ఎట్టకేలకు ముక్క వేరే ఊరి ల్యాబుకు వెళ్తే, సరిపోదు, కొత్తది కావాలన్నారు. కాలేయంలోకి సూది గుచ్చి తీశారు. దాని రిపోర్టుకు పన్నెండు రోజులు. అది సరిగ్గా వచ్చేసరికి రక్తంలో కామెర్ల లెక్క ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువుంది, వారం ఆగి మళ్లీ చూద్దామన్నారు. వారం ఆగితే అది దిగింది, కానీ అప్పటికి స్కాన్ పాతబడింది. నాలుగు వారాలు దాటిన స్కాన్ చెల్లదట. మళ్లీ స్కాన్. అన్నీ అయ్యాయి కదా అనుకుంటే కోఆర్డినేటర్ ఫోన్ చేసి "ఈ గ్రూపు నిండిందమ్మా. కొన్నాళ్లు ఆగాలి" అంది.

ఎన్నాళ్లని అడిగితే చెప్పలేనంది.

ప్రతి ఫోన్ సంగతీ నేను నోటు పుస్తకంలో రాసేదాన్ని. ఎప్పుడు చేశారు, ఎవరు మాట్లాడారు, ఏ మాట వాడారు. రాసిందంతా మళ్లీ చదివితే నాకు ఒకటే తోచింది. ప్రతిసారీ ఒక కొత్త కారణం. నా దగ్గరికి వచ్చే పార్టీల్లో రిజిస్ట్రేషన్ ఇష్టం లేనివాడు సరిగ్గా ఇలాగే చేస్తాడు. ఒకరోజు ఆధార్ మరిచిపోతాడు, ఒకరోజు సాక్షికి జ్వరం. అసలు సంగతి వేరే ఉంటుంది. మా అన్న చోటు ఇంకెవరికో ఇచ్చేశారని, పలుకుబడి ఉన్నవాళ్లు ముందుకు జరిగారని నమ్మేశాను.

ఒక మంగళవారం ఎవరికీ చెప్పకుండా, అన్నకు కూడా చెప్పకుండా, పొద్దున బండికి హైదరాబాద్ వెళ్లాను. చెప్పి వెళ్తే సర్దుకుంటారు కదా. నేను వెళ్లేసరికి కోఆర్డినేటర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయనను ఎంతో మర్యాదగా లోపలి గదికి తీసుకెళ్తోంది. బీరువా తాళం తీసి ఫైళ్లు ఆయన ముందు పెట్టింది. దొరికారనుకున్నాను. తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆయన ఒక్కో కాగితం తీస్తున్నాడు, పక్కన ఇంకో కాగితం పెట్టి వేలితో వరుస వెంట చూస్తున్నాడు. ఒకచోట ఆగి ఆ అమ్మాయిని పిలిచాడు. ఆమె తప్పు తేదీని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టింది. కొట్టివేతకు సంతకం పెట్టించడం నా పనిలోనూ ఉంది. ఆ మనిషి ఎవరో నాకు అప్పుడు కొంచెం అనుమానం వచ్చింది, కానీ వేరే రకం అనుమానం.

ఆమె బయటికి వచ్చి నన్ను చూసి ఉలిక్కిపడింది. నేను ఊరుకోలేదు. నోటు పుస్తకం తెరిచి తేదీలన్నీ ఆమె ముందు చదివాను. మా అన్న చోటు ఎవరికిచ్చారో చెప్పమన్నాను. ఆమెకు కోపం రాలేదు, అలసట వచ్చింది. కుర్చీ చూపించి కూర్చోమంది.

"లోపల ఉన్నాయన మందు కంపెనీ తరఫున వచ్చారమ్మా. మేం రాసినవన్నీ అసలు కాగితాలతో సరిపోల్చి చూస్తారు. అది అయ్యేదాకా, తర్వాతి మోతాదు సంగతి తేల్చే మీటింగుకు మా లెక్క వెళ్లదు." తర్వాత తెల్ల కాగితం మీద మూడు సున్నాలు చుట్టింది. "ఒక మోతాదు ముందు ముగ్గురికే ఇస్తాం. ముగ్గురికీ ఒకే రోజు కూడా ఇవ్వం. మొదటి మనిషికి ఇచ్చి వారం చూసి, అప్పుడు మిగతా ఇద్దరికి. చివరి మనిషి మందు మొదలుపెట్టాక నాలుగు వారాలు చూడాలి. ఎవరికీ పెద్ద ఇబ్బంది రాకపోతే పై మోతాదుకు వెళ్తాం. ఒక్కరికి వచ్చినా ఇంకో ముగ్గురికి అదే మోతాదు ఇచ్చి మళ్లీ నాలుగు వారాలు."

"వచ్చిందా?"

ఆమె ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "వేరేవాళ్ల సంగతి నేను చెప్పకూడదమ్మా" అంది.

అప్పుడే పెద్ద డాక్టరు అటు వచ్చాడు. విషయం విని నిలబడే అన్నాడు. "మీ అన్నయ్యకు త్వరగా మొదలుపెట్టాలనే మాకూ ఉంది. కానీ ఈ మందు మనిషి ఒంట్లో ఏం చేస్తుందో ఇంకా తెలియదు. తెలిసినట్టు నటించి తొందరపడితే ఆ దెబ్బ తగిలేది మీ అన్నయ్యకే."

నేను వికారాబాద్ వచ్చేదాకా రైల్లో ఆ కాగితం మీది మూడు సున్నాలు చూస్తూనే ఉన్నాను. సగం నమ్మాను. మిగతా సగం, ఇంత బాగా చెప్పారంటే ఎంతమందికి చెప్పి ఉంటారో అనుకున్నాను.

ఇంకో నెలకు అన్నకు మందు మొదలైంది. మాత్రలు, రోజూ పొద్దున. దాంతోపాటు ఒక డైరీ ఇచ్చారు. మాత్ర మింగిన వేళ రాయాలి, సాయంత్రం ఆ రోజు ఒంట్లో ఏమైనా తేడా ఉందా అన్నది రాయాలి. మొదటి నెల వారం వారం గురువారాలు రమ్మన్నారు. అన్న తాండూరులో బండి ఎక్కి పక్క సీటు మీద తువాలు వేసి ఉంచేవాడు, నేను వికారాబాద్‌లో ఎక్కేదాన్ని. వదిన ఇంట్లో అత్తమ్మను, అంటే మంచం మీద ఉన్న మా అమ్మను, చూసుకుంటూ ఉండిపోయేది.

మొదటి రెండు వారాలు బాగానే ఉన్నాడు. నోరు కొంచెం పూసింది, అంతే. మూడో గురువారం నేను ఎక్కగానే అన్న తువాలు తీసి జరిగాడు. అలవాటు ప్రకారం డైరీ అడిగి తీసుకున్నాను. మొదటి రెండు వారాల పేజీలు మనిషి రోజూ రాసినట్టే ఉన్నాయి. ఒకరోజు నీలం పెన్ను, ఒకరోజు నలుపు, ఒకరోజు వదిన చేతిరాత, ఒకచోట పసుపు మరక. మూడో వారం అలా లేదు. ఏడు రోజులూ ఒకే పెన్ను, ఒకే ఒత్తు. ఏడు వరుసల్లోనూ "ఇబ్బంది ఏమీ లేదు" అని ఒకే వాలులో రాసి ఉంది. ఆ రోజు సాయంత్రం రాయాల్సింది కూడా పొద్దున తొమ్మిదింటికే రాసి ఉంది.

ఇంకో సంగతి కూడా చూశాను. మా అన్న అక్షరాలు ఎప్పుడూ గీత మీద కూర్చుంటాయి. ఇక్కడ ప్రతి వరుసా అచ్చు గీతను వదిలేసి కిందికి జారిపోయింది.

డైరీ మూశాను. బండి శంకర్‌పల్లిలో ఆగింది.

"అన్నా, గా బోర్డు మీద ఏం రాసున్నది?"

"శంకర్‌పల్లి. చిన్నప్పటి నుంచి పోతున్న తొవ్వ, నాకు తెల్వదా?"

ఎదుటి సీటులో ఒకాయన పేపర్ చదువుతున్నాడు. వెనక పేజీ మా వైపు ఉంది. వేలెడంత అక్షరాల హెడ్డింగు. "మరి గది చదువు" అన్నాను.

అన్న చూశాడు. కళ్లు చిట్లించాడు, మళ్లీ చూశాడు. తర్వాత మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఎన్ని రోజులాయె?"

"అయిదారు రోజులు. పొగ పట్టిన అద్దంల చూసినట్టున్నది. నొప్పేం లేదు."

"ఎందుకు రాయలే?"

"రాస్తే ఆపేస్తరే. నాలుగు నెలలు తిరిగినం గదా దీని కోసం." గొంతు తగ్గించాడు. "మొన్న ఒక బండ చూసి మంచిగున్నదని పంపిన. రెండు ముక్కలై వాపస్ వచ్చింది. పనోళ్లు ఏమనలే. కండ్లు పోయినా ఫికర్ లేదు చెల్లె. నువ్వు చెప్పకు."

ఆసుపత్రికి చేరేదాకా డైరీ నా దగ్గరే ఉంచుకున్నాను. నాకు అప్పుడు ఆసుపత్రి మీద ఉన్న అనుమానమంతా కూడా గుర్తుకొచ్చింది. ఆపేస్తారేమో, ఇదే సాకుగా పంపించేస్తారేమో. ఒకవేళ మందు లోపల పని చేస్తుంటే? చెప్పకపోతే, ఆ తర్వాతి మనిషికి ఇదే మోతాదో ఇంకా ఎక్కువో ఇస్తారు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఇరవై రెండేళ్లుగా దొంగ కాగితం కనబడితే వెంటనే పక్కకు పెట్టిన దాన్ని, ఆ రోజు లిఫ్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

అన్న రక్తం ఇవ్వడానికి లోపలికి వెళ్లాడు. నేను కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్లి డైరీ ఆ పేజీ తెరిచి పెట్టాను. "ఇది అబద్ధం. ఆయనకు చూపు ఆనుతలేదు" అన్నాను.

అరగంటలో కంటి డాక్టరు వచ్చింది. నల్లగుడ్డు మీద సన్నని పొర వచ్చిందని చెప్పారు. మందు ఆపేశారు. కళ్లు బాగయ్యాక అప్పుడు ఆలోచిద్దామని పెద్ద డాక్టరు చెప్పి వెళ్లిపోయాడు. కోఆర్డినేటర్ మాత్రం నా పక్కన కూర్చుని మెల్లగా అంది. "ఈ మోతాదులో ఇంకో ముగ్గురిని చేర్చి చూడాలమ్మా. పై గ్రూపు ఇప్పుడప్పుడే మొదలవదు."

అంటే ఈసారి ఆలస్యానికి కారణం మేమే.

తిరుగు బండిలో అన్న నా పక్కన కూర్చోలేదు. నేను వికారాబాద్‌లో దిగేటప్పుడు కూడా తల తిప్పలేదు. మరునాడు వదిన ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు.

"కండ్లు పోతే పోయినయి, మనిషన్న ఉంటడనుకున్న. నీకు ఎవరి మీదనో నమ్మకం లేకపోతే గది మా నెత్తి మీద రుద్దుతవా?" అని పెట్టేసింది.

మూడు వారాల తర్వాత కంటి పరీక్ష కోసం వెళ్లాం. అన్న లోపల ఉన్నాడు. నేను బయట కుర్చీల్లో కూర్చుంటే పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. నల్ల బురఖా, చేతిలో స్కాన్ కవరు. ఇంటాయన పరిగిలో దర్జీ అని, కడుపులో గడ్డ అని చెప్పింది. నేను వికారాబాద్ అంటే ఆమె మొహం తేలికైంది.

"అక్కా, జర నిజం చెప్పు. గీ దవా మీకు ఎట్ల దొరికింది? మాకు రెండు నెలల సంది రేపు మాపు అంటున్నరు. ఎనిమిది రోజుల్ల షురూ జేస్తమని మళ్ల ఆపిండ్రు. నడిమిట్ల ఎవర్నో చొరవెట్టిండ్రు. పైరవీ ఉన్నోళ్లకే ఇస్తరంట."

నా నోటు పుస్తకంలోని మాటలే ఆమె నోట వస్తున్నాయి. నేను దాచకుండా చెప్పేశాను. పైరవీతో ఎవర్నీ చొరబెట్టలేదని, మా అన్న కళ్లకు ఇబ్బంది వచ్చిందని, అది నేనే చెప్పానని, అదే మోతాదుకు ఇంకో ముగ్గురిని చేర్చాల్సి వచ్చిందని, పై మోతాదు గ్రూపులో ఉన్న మీది అందుకే ఆగిందని. మూడు సున్నాలు, నాలుగు వారాలు, అంతా కోఆర్డినేటర్ నాకు చెప్పినట్టే ఆమెకు చెప్పాను.

ఆమె మొత్తం విన్నది. నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"నీకు గివన్నీ ఎవరు నేర్పిండ్రు? దవాఖానోళ్లే కూసోబెట్టిండ్రా గిక్కడ?"

కవరు తీసుకుని లేచి నాలుగు కుర్చీల అవతలికి వెళ్లి కూర్చుంది. నాకు కోపం రాలేదు. ఆమె చోట నేనుంటే అదే అడిగేదాన్ని. తర్వాతి నెలలో ఆమె ఒకసారి కనబడింది, తలుపు దగ్గర. కామెర్లు ఎక్కాయని, ఇక తన ఇంటాయనకు ఈ మందు కుదరదని డాక్టరు చెప్పాడని కోఆర్డినేటర్‌తో అంటోంది. నేను గోడ వైపు జరిగాను. ఆ రెండు నెలలూ ఆగకుండా ఉంటే ఆయనకు ఏమయ్యేదో నాకు తెలియదు. మందు అందేది, కళ్లు పోయేవి, లేక రెండూనో. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో తెగలేదు.

అన్న కళ్లు నెల పైన పట్టి బాగయ్యాయి. తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు. అన్న డైరీ రాసేవాడు కాదు, వదిన రాసేది. నేను చూస్తానని తెలిసి రోజుకో పెన్ను మారుస్తోందేమోనని కూడా నాకు అనిపించేది. అడగలేదు. రెండు స్కాన్లలో గడ్డలు పెరగలేదు, తగ్గలేదు. అన్న రోజూ యూనిట్‌కు వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నాతో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒక గురువారం బండిలో, ఏ ముందుమాటా లేకుండా, పక్కవాడి పేపరు హెడ్డింగు గట్టిగా చదివి వినిపించాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

మూడో స్కాన్‌లో గడ్డలు పెరిగాయి. మందు ఆపేశారు. ఈసారి ఆపినప్పుడు ఎవరి మీదా అనుమానపడటానికి ఏమీ మిగల్లేదు. ఎండలు ముదరకముందే, తాండూరులో, ఇంట్లోనే పోయాడు. ఆఖరి వారం నేను అక్కడే ఉన్నాను. వదిన నాకు అన్నం పెట్టింది, మంచం వేసింది, మాట మాత్రం కలపలేదు.

దినాలన్నీ అయిన నెలకు వదిన ఒక్కతే వికారాబాద్‌కు వచ్చింది. యూనిట్ కాగితాల పని ఏదో ఉండి వచ్చిందనుకున్నాను. ఆ పని కాదంది. మధ్యాహ్నం నా గదిలో ఎవరూ లేరు. నీళ్లు తాగి గ్లాసు పట్టుకునే కూర్చుంది.

"నేను పోయిన వారం హైదరాబాద్ పోయిన. ఎవరికి చెప్పలే."

"ఎందుకు వదినా?"

"నువ్వు నిజమే చెప్పినవా, అనుమానం కొద్ది ఆయనకు మందు ఆపిచ్చినవా అని అడుగుదామని. నీ మీద అనుమానం తోటే పోయిన." గ్లాసు టేబుల్ మీద పెట్టింది. "పెద్ద డాక్టర్ కూసోవెట్టి మాట్లాడిండు. ఇంకో పది రోజులు అట్లనే మింగితే రెండు కండ్లు పోతుండెనంట. మళ్ల వస్తుండె కాదంట."

ఆ మాట డాక్టరు నాతో ఎప్పుడూ అనలేదు.

"ఆపకపోతే ఇంకొన్ని దినాలు బతుకుతుండెనా అని గూడ అడిగిన."

"ఏమన్నడు?"

"తెల్వదన్నడు. మాకు గూడ తెల్వదమ్మా అన్నడు. నేను రెండుసార్లు అడిగిన. రెండు మాట్ల గదే అన్నడు."

బయట ఎవరో దస్తావేజు పని మీద వచ్చి తొంగి చూస్తే, సాయంత్రం రమ్మని పంపేశాను. వదిన సంచిలోంచి డబ్బా తీసింది. జొన్నరొట్టెలు, కందిపప్పు. పొద్దున లేచి చేసుకొచ్చిందట. రెండు రొట్టెలు నా ముందు పెట్టి, ఒకటి తాను తుంచుకుంది.

"తిను. నాలుగు గంటల బండికి పోవాలె నేను" అంది.